నల్ల అంచు ఉత్తరానికి జవాబు

ముందు గంట వినిపించింది. చాలాసేపటి వరకు ఇంకేమీ కనిపించలేదు.

చలికాలం ఉదయాల్లో నాగావళి మీద మంచు కమ్ముకుంటే శ్రీకాకుళంలో రేవు ఉండేది కాదు, వంతెన ఉండేది కాదు, అవతలి ఒడ్డు ఉండేది కాదు. తెల్లని మౌనం ఒకటి ఉండేది, ఆ మౌనంలో ఎక్కడో నడుస్తున్న కంచుగంట ఒకటి ఉండేది. గంట దగ్గరయ్యేకొద్దీ తెలుపులోంచి ముందు కొమ్ములు, ఆ పైన ముఖం, ఆ వెనుక ఆవు, ఆవు వెనుక కంబళి కప్పుకున్న మనిషి ఒక్కొక్కటిగా పుట్టేవి. పద్మకుమారి రోజూ ఆ రేవు దారినే కొట్టుకు నడిచి వచ్చేది. ఉత్తరాలు కూడా ఇలాగే వస్తాయని ఆమెకు తోచేది. ముందు మాట వస్తుంది. మనిషి మాత్రం మంచులోనే ఉండిపోతాడు.

ఆమె పని ఉత్తరాలు రాయడం. బడిపంతులుగారి అమ్మాయి, టైపు నేర్చుకుంది, ఇంగ్లీషు చక్కగా రాస్తుంది. వేంకటాచలం గారి కంచు, ఇత్తడి సామాన్ల కొట్టులో కుదిరి రెండేళ్ళయింది. కొట్టు ముందు, ఇల్లు వెనుక. రెండింటికీ కలిపి వీధివైపు ఒకటే గడప. ఆ గడప పక్క అరుగు మీద వేంకటాచలం గారి తల్లి లక్ష్మీనరసమ్మ కూర్చుని, లోపలికి వచ్చే మనిషినీ బయటికి వెళ్ళే సరుకునూ ఒకే చూపుతో తూచేది. చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి. ఆయన పేరు ఆమె నోట ఎవరూ వినలేదు. వేంకటాచలం గారి అబ్బాయికి తాతగారి పేరే పెట్టుకున్నారు గనుక, ఆ పేరు పలకవలసి వస్తుందని మనవణ్ణి ఆమె చినబాబు అని పిలిచేది. ఆమె పిలుపే ఇంటిల్లిపాదికీ అలవాటైంది. అసలు పేరు బడి రికార్డులో పడి ఉంది, అంతే.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. ఆ కొట్టుకు దూరదేశపు ఖాతాదారు ఒక్కడే ఉండేవాడు, యోహాన్ ఏబర్లే. కొండల నడుమ, ఏడాదిలో సగం మంచు కింద ఉండే దేశం అతనిది. రాయగడ వైపు ఆసుపత్రిలో పనిచేసి వెళ్ళిన ఒక డాక్టరు ఇక్కడి పశువుల గంట ఒకటి అక్కడికి పట్టుకుపోయాడట. దాని గొంతు మంచును చీల్చుకుని వస్తోందని, అలాంటివి కావాలని ఏబర్లే రాశాడు.

మొదటి ఉత్తరానికి జవాబు తయారైన రోజు పద్మకుమారికి బాగా గుర్తుంది. వ్యాపారపు ఉత్తరాలు ఎలా రాయాలో నేర్పే పుస్తకం ఒకటి చదివి, నాలుగు వాక్యాలలో ధర, తూకం, ఓడ, గడువు తేల్చేసింది. వేంకటాచలం అర్థం చెప్పించుకుని విన్నాడు. విని, కుశలప్రశ్న ఏదని అడిగాడు. పనిలో ఉన్నవారి సమయం వృథా చేయకూడదని పుస్తకంలో ఉందని ఆమె చెప్పింది.

“ఆ పుస్తకం రాసినాయనకి సుట్టాలు లేరేటి?” అన్నాడు వేంకటాచలం. “పసువులున్న మనిసి. ముందు పసువులు ఎలాగున్నాయో అడగమ్మా. గంటలు కొంటాడని గంటల మాటే అడిగితే, మనల్ని ఏటనుకుంటాడు?”

అలా ఆ ఉత్తరం పశువుల క్షేమంతో మొదలై, వానల మీదుగా నడిచి, మీ ధర్మపత్నిగారికి మా నమస్కారాలు అనే మాట దగ్గర కాస్త ఆగి, అప్పటికి గాని గంటల దగ్గరకు చేరలేదు. జవాబు రెండు వాక్యాలలో వచ్చింది. తరువాతి జవాబు మూడు వాక్యాలు. వేంకటాచలం నిరుత్సాహపడలేదు, మాటకు కూడా కంచులాగే కాగే సమయం కావాలన్నాడు. ఏడాది తిరిగేసరికి మంచుదేశం నుంచి పేజీ నిండిన ఉత్తరం వచ్చింది. మీరు ఎప్పుడూ అడుగుతున్నారు గనుక చెబుతున్నాను, ఎర్రావు ఈనింది. ఈసారి మంచు తొందరపడింది. నా భార్య మీ గంటలలో ఒకదానిని వంటింటి కిటికీకి కట్టుకుంది. గాలి వీచినప్పుడల్లా మీ ఊరు పలికిందంటుంది.

ఆ వాక్యం పద్మకుమారి చాలా రోజులు మనసులో మోసింది. తాను ఎన్నడూ చూడని కిటికీలో తన ఊరు పలుకుతోంది. ఆ కిటికీ దగ్గర నిలబడిన ఆవిడ పేరు మాత్రం ఏ ఉత్తరంలోనూ లేదు. అతను నా భార్య అని రాసేవాడు, ఈమె మీ ధర్మపత్ని అని రాసేది. ఆ రెండు మాటల మధ్య ఆవిడ, మంచులో ఆవులాగా, వినిపిస్తూ కనిపించకుండా ఉండేది.

ఆ వేసవిలో ఏబర్లే మంద మొత్తానికీ గంటలు అడిగాడు. ఒక్కొక్క గంటకు ఒక్కొక్క గొంతు ఉండాలి, మందకు ముందు నడిచే ఆవుకు అన్నింటికన్నా లోతైన గొంతు ఉండాలి. కంచరి సూరయ్య ఆ ఉత్తరం సంగతి విని గడ్డం గోక్కున్నాడు.

“ఆవులికి సంగీత కచేరీ పెడతన్నారేటి బాబూ?” అన్నాడు. అన్నాడే గాని, వానాకాలమంతా కొలిమి వదలలేదు. దసరా వెళ్ళేసరికి గంటలన్నీ పనిశాల వాసానికి వేలాడుతున్నాయి. తలుపు తెరిస్తే గాలికి ముందు చిన్నవి మేలుకునేవి. పెద్దది మాత్రం ఎవరో పిలిచే దాకా పలకనన్నట్టు ఉండేది.

పంపే రోజు నిర్ణయించమని ఏబర్లేకు రాశారు. జవాబుగా వచ్చిన ఉత్తరానికి చుట్టూ నల్లని అంచు ఉంది.

పోస్టుమాన్ దానిని గడప దగ్గర పద్మకుమారి చేతిలో పెట్టాడు. చేతిరాత మారి ఉంది. ఆమె అక్కడే విప్పి మొదటి వాక్యం చదివింది. నా భర్త యోహాన్ పోయిన నెల కన్నుమూశారని ఉంది. రెండో వాక్యం మీదికి ఆమె చూపు వెళ్ళేలోగా అరుగు మీదినుంచి లక్ష్మీనరసమ్మ లేచింది.

ఆమెకు ఇంగ్లీషు రాదు. రానక్కరలేదు. ఈ వైపు చావు కబురు తెచ్చే ఉత్తరానికి ఒక మూల నల్లసిరా పూస్తారు. దానిని గడప దాటించరు. వీధిలోనే చదివి, చదివిన చోటే చింపేస్తారు. కాగితాన్ని లోపల ఉంచితే దుఃఖం ఇంట్లో పీట వేసుకుని కూర్చుంటుందని పెద్దల భయం. ఒక మూల నలుపుకే అంత భయపడే ఇంటికి, నాలుగు వైపులా నలుపు వచ్చింది.

“ఎవరు?” అని మాత్రం అడిగింది లక్ష్మీనరసమ్మ. గంటల ఆయన అని పద్మకుమారి చెప్పింది. ముసలామె చేయి చాచి ఆ కాగితాలు అందుకుంది, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపింది, వాన నీళ్ళు పారుతున్న కాలువలో వదిలింది. తరువాత నూతి దగ్గరకు వెళ్ళి, ఎన్నడూ చూడని ఆ మనిషి కోసం తలమీదుగా నీళ్ళు పోసుకుంది.

నల్ల అంచు ముక్కలు పడవల్లా వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, నాగావళి వైపు సాగిపోయాయి. పద్మకుమారి చూస్తూ నిలబడిపోయింది. ఆమె చదివింది ఒక్క వాక్యం. మిగిలినవి ఎన్నో ఉన్నాయి.

సాయంత్రానికి సంగతి వేంకటాచలానికి పూర్తిగా బోధపడింది. ఏబర్లే భార్య గంటలు పంపమన్నదో, వద్దన్నదో తెలియదు. పంపితే ఏడ్చే ఇంటికి సరుకు దింపినట్టవుతుంది. పంపకపోతే ఆడిన మాట తప్పినట్టవుతుంది. కరిగించేద్దామా అని సూరయ్య అడిగాడు. అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయాడు. ఉత్తరం రాయక తప్పదు. కాని ఆ ఉత్తరంలో ఏమని రాయడం? మీ భర్త మరణవార్తను చింపి కాలువలో వేశాము, అందులో ఏముందో దయచేసి మళ్ళీ చెప్పండి అనా?

వానలో తడిసి అక్షరాలు చెరిగిపోయాయని రాయమన్నాడు వేంకటాచలం. నొప్పి లేని మాట, ఎవరినీ తప్పు పట్టని మాట. పద్మకుమారి అలాగే రాసింది. చక్కటి ఉత్తరం. చదువుకుంటే మాత్రం అది ఎవరి గొంతులాగానూ లేదు. పగులు దాచిన గంటలా బొణబొణమంది. రెండేళ్ళు పశువుల క్షేమం అడిగి, ఎర్రావు ఈనిన సంగతికి సంతోషించి, కిటికీ దాకా నడిచి వెళ్ళిన ఇంటికి ఈరోజు అబద్ధంతో వెళ్ళాలా? పోనీ నిజమే రాద్దామంటే ఆ నిజంలో ఈ ఇంటి పెద్దావిడ ఉంది. ఆమెను అడగకుండా ఆమె చేసిన పనిని పరదేశానికి రాయడం ఇంకొక అమర్యాద.

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మీనరసమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంటే పద్మకుమారి పక్కన కూర్చుని తానూ ఒక గుప్పెడు తీసుకుంది. నాలుగు గింజలు రాల్చి, తలెత్తకుండానే, వాన పేరు చెప్పి రాసిన ఉత్తరం సంగతి చెప్పి, అనవలసింది మెల్లగా అంది. చింపడం మనకు మర్యాదే గాని, ఆ దేశంలో ఆవిడకు తన మాటను చింపినట్టు తోస్తుందేమోనని.

లక్ష్మీనరసమ్మ చేతులు ఆగలేదు.

“నా ఇంటాయన రంగం ఎల్లినాడు,” అంది. “రంగూన్లో బియ్యం మిల్లుల కాడ యాపారం. నీ సావుకారికి అప్పటికింకా అచ్చరాలు రావు. ఓ నాడు ఉత్తరమొచ్చింది, మూల నల్లగున్నాది. మా మావగారు ఈ గడప కాడే నిలబడి సదివినారు. సింపేసినారు.”

గింజ ఒకటి రాలింది.

“అన్ని కాయితాలమ్మా, ఇంత మందాన ఉన్నాయి. మనిసి పోయినాడని సెప్పడానికి ఒక్క ముక్క సాల్దా? తతిమ్మా కాయితాల్లో ఏటున్నాదని మావగార్ని నేనెలాగడుగుతాను? ఆయన సెప్పనేదు. ఆయనా పోయినారు.” చింతపండు పక్కకు జరిపి కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. “నిన్న ఆ కాయితాలు నా సేతుల్లో అంతే మందాన ఉన్నాయి. సింపినాకే తెలిసింది నాకు.”

వ్యాపారపు ఉత్తరాల పుస్తకంలో దీనికి వాక్యం లేదు.

“రాసీ,” అంది లక్ష్మీనరసమ్మ. “నేనే సింపినానని రాసీ. వాన మీద ఎట్టకు.”

పద్మకుమారి ఆ ఉత్తరాన్ని టైపు కొట్టలేదు. చేత్తో రాసింది. అందులో సరుకు మాట చివరికి గాని రాలేదు.

మా ఇంట ఇటువంటి వార్త తెచ్చిన కాగితాన్ని గడప దాటనివ్వరు. దాని బాధ ఇంట నిలిచిపోతుందని మా పెద్దల భయం. అందువల్ల మీ ఉత్తరంలో మొదటి వాక్యం తప్ప మేము చదవలేకపోయాము. చింపినవారు మా పెద్దావిడ. అది మీ మాటను కాదనడం కాదు. ఆ రోజు ఆమె మీ వారిని తన బంధువుగా తలచి స్నానం చేశారు. ఆమెకూ ఒకప్పుడు అటువంటి ఉత్తరమే వచ్చింది, అదీ ఆమె వినకుండానే పోయింది. మీరు ఏమి రాశారో మళ్ళీ చెప్పమని కోరడం గాయాన్ని మళ్ళీ తాకడమని తెలుసు. తెలిసీ కోరుతున్నాము. గంటలు మీ మాట కోసం ఆగి ఉన్నాయి. అవి రావాలన్నా, రాకూడదన్నా, మీరు చెప్పినదే మాకు మర్యాద.

వేంకటాచలం అర్థం చెప్పించుకుని విన్నాడు. పశువుల క్షేమం అడగలేదేమని అన్నాడు. ఆమె చివర ఒక వాక్యం చేర్చింది.

ఉత్తరం వెళ్ళిపోయింది. కార్తీకమాసం వచ్చి వెళ్ళింది. వరి పండి పసుపుపచ్చనయింది, కోతలయ్యాయి, నాగావళి సన్నబడింది. పనిశాలలో గంటల మీద సన్నని ధూళి పేరుకుంది. సూరయ్య అప్పుడప్పుడూ వచ్చి కండువాతో తుడిచి పోయేవాడు, ఎవరితోనూ ఏమీ అనకుండా. పద్మకుమారికి కలలో ఆ కిటికీ కనిపించేది. గంట ఉండేది, గాలి వీచేది, చప్పుడు మాత్రం వచ్చేది కాదు. నిద్ర లేచి, ఆవిడ నొచ్చుకున్నదనే అనుకునేది.

మళ్ళీ మంచు మొదలైన రోజుల్లో జవాబు వచ్చింది. దానికీ నాలుగు వైపులా నల్లని అంచు ఉంది.

పోస్టుమాన్ గడపకు అవతలే ఆగిపోయి లక్ష్మీనరసమ్మ వైపు చూశాడు. కొట్టులోంచి వేంకటాచలం వచ్చాడు. పద్మకుమారి చేయి చాచలేదు. ముసలామె అరుగు దిగింది, ఉత్తరం తానే అందుకుంది. ఇంట్లోకి నడవలేదు; వీధిలోకి, కాలువ దాటి, ఎదుటి గోడ పక్కనున్న రాతి తిన్నె దాకా నడిచింది. అక్కడ కూర్చుని పద్మకుమారిని పిలిచింది.

“ఇది గడప అవతలేగా,” అంది. “ఇక్కడ సదువు. సివరి మాట దాకా సదువు.”

పద్మకుమారి ఒక్కొక్క వాక్యం చదువుతూ తెలుగు చేసి చెప్పింది.

మీ ఉత్తరం చదివి మొదట నొచ్చుకున్నాను. దానిని కిటికీలో పెట్టి వెళ్ళిపోయాను. తరువాత మళ్ళీ చదివాను. నన్ను ఎన్నడూ చూడని ఒక స్త్రీ నా భర్త కోసం స్నానం చేసిందని ఉంది. మా ఊరిలో ఎందరో వచ్చారు, చేతులు కలిపారు, వెళ్ళారు. అలా ఎవరూ చేయలేదు. ఆ చిరిగిన ఉత్తరంలో గంటల గురించి ఒక్క మాటే ఉంది, పంపండి అని. మిగిలినదంతా ఆయన చివరి రోజుల గురించి. మా ఊరిలో అందరికీ అన్నీ తెలుసు గనుక ఎవరికీ చెప్పలేకపోయాను. మీరు ప్రతిసారీ మా క్షేమం అడిగేవారు. అడిగేవారు ఉన్నారు గనుక మీకు చెప్పాను. ఇప్పుడు మళ్ళీ చెబుతాను, వింటారా?

తరువాత ఒక పేజీ నిండా ఆ చివరి రోజులు ఉన్నాయి. అతను మంచం మీదినుంచి ఆవుల పేర్లు ఒక్కొక్కటే అడిగేవాడట. జ్వరంలో కూడా, రాబోయే గంటలలో ఏది ఏ ఆవుకు కట్టాలో చెప్పేవాడట. లక్ష్మీనరసమ్మ కళ్ళు మూసుకుని విన్నది. ఆ పేజీ ఆమెకు ఏ ఊరినుంచి వినిపిస్తోందో, కొండల నుంచో, రంగూను రేవు నుంచో, పద్మకుమారి చెప్పలేకపోయింది. చివరి పేజీ తిప్పి, మొదటి వాక్యం చూసి ఆగిపోయింది.

“ఆగిపోనావేటి?”

ఆవిడ ఒకటి అడుగుతున్నారని, అది మన పద్ధతి కాదని పద్మకుమారి నసిగింది. వదిలేసి చదవనా అంది.

“వదిలీడం ఏటి? ఇంకోసారి సింపుదామనా?”

పద్మకుమారి చదివింది. మా ఇంటి వాడుక ఒకటుంది. కొత్త గంటను ఆవు మెడకు కట్టేముందు, పోయినవారి భార్య దానిని ఒకసారి మోగించి, ఆ మోత ఆగేలోపు అతని పేరు పలుకుతుంది. పెద్ద గంటను నాకు పంపేముందు మీ పెద్దావిడ ఒకసారి మోగించగలరా? ఆమె భర్త పేరు కూడా నాకు కావాలి. వసంతంలో మంద కొండ ఎక్కేటప్పుడు రెండు పేర్లూ పిలుస్తాను. మీ ఆచారానికి ఇది అడ్డమైతే నేను అడగనట్టే అనుకోండి. నా పేరు ఇంతవరకు మీకు ఎవరూ చెప్పలేదు. నా పేరు మార్తా.

వేంకటాచలం జేబులోంచి పెన్ను తీశాడు. నాన్న పేరు తాను కాగితం మీద రాసిస్తానని, పద్మ దానిని ఇంగ్లీషులో వేస్తుందని, ఆవిడకు చేరిపోతుందని అన్నాడు.

“అడిగింది నిన్ను కాదురా,” అంది తల్లి.

ఆ ఉత్తరాన్ని ఆమె చింపలేదు, లోపలికీ తీసుకుపోలేదు. మడిచి సూరయ్యకు పంపింది. పనిశాలలో, పెద్ద గంట వేలాడే వాసం మీద, అది ఉండిపోయింది.

గంటలు పెట్టెలో సర్దే రోజు తెల్లవారుతూనే మంచు దిగింది. పనిశాల తలుపు బయట లోకమే లేదు. గడ్డి పరిచిన పెట్టెలో చిన్న గంటలన్నీ నోళ్ళలో గుడ్డ కుక్కించుకుని పడుకున్నాయి. పెద్దది ఒక్కటే మిగిలింది. లక్ష్మీనరసమ్మ తడి తలతో వచ్చి నిలబడింది. వాసం ఎత్తుగా ఉంటే సూరయ్య తాడు కొంచెం దించాడు. ఒక కర్ర ఆమె చేతిలో పెట్టి, ఇంకేదో పని ఉన్నవాడిలా గోడవైపు తిరిగాడు.

ఆమె వెంటనే మోగించలేదు. ఆ దేశపాయన పేరు మళ్ళీ ఒకసారి చెప్పమంది. పద్మకుమారి చెప్పింది. ఆమె నెమ్మదిగా దానిని నోటికి తెచ్చుకుంది, యోహాను, యోహాను అని, కొత్త దారిలో అడుగు వేసినట్టు. తరువాత ఆవిడ పేరు అడిగింది. మార్తా అని కూడా పలికి చూసుకుంది.

కర్ర గంటకు తాకింది.

ఆ మోత పనిశాలను నింపి, తలుపు దాటి, కనిపించని వీధి మీదుగా కనిపించని నది వైపు నడిచింది. ఎక్కడో రేవు దగ్గర ఒక ఆవు మెడగంట దానికి జవాబిచ్చింది. మోత సన్నబడుతోంది. వేంకటాచలం తల దించుకున్నాడు. పద్మకుమారి ఆమె పెదవుల వైపు చూడకూడదనుకుని మంచు వైపు చూసింది.

మోత ఇంకా ఆగలేదు. ముసలామె ఆ తెల్లని శూన్యంలోకి, అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలిచినట్టు, ఇన్నేళ్ళూ పలకని పేరును గొంతెత్తి పిలిచింది:

“అప్పలసూరీ.”